పదహారు గంటలు భూమివి, మిగతావి ఎవరివి?

హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఎంత దూరమని చేతిలో ఫోన్‌ను అడిగితే రెప్పపాటులో చెబుతుంది: 14,400 కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూగా. ఎంతసేపు పడుతుందంటే దానికీ తడుముకోదు. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున పదహారు గంటలు. ఐదో తరగతి పిల్లాడు పలక మీద చేసి చూపించే భాగహారం. ఆ భాగహారాన్ని నమ్ముకుని శంషాబాద్‌లో విమానం ఎక్కినవాడు డాలస్‌లో పెట్టెలు తోసుకుంటూ బయటపడేసరికి ఇరవై నాలుగు గంటలవుతుంది. గ్రహాలు అనుకూలించకపోతే ముప్ఫై దాటుతుంది. దారిలో విమానం కునుకు తీయలేదు. భూమి రాత్రికి రాత్రి లావెక్కలేదు. మరి పైన పడ్డ గంటలు ఎవరు మింగినట్టు?

ఫోన్ లెక్క తప్పని నేననను. పాపం, ఈ మొత్తం వ్యవహారంలో నిజాయితీగా ఉన్నది ఆ 14,400 ఒక్కటే. గోళం మీద రెండు చుక్కల మధ్య దారం బిగించి పట్టుకుంటే ఎంత పొడవుంటుందో అది. మహావృత్త మార్గం అంటారు. గోళ త్రికోణమితి తెలిసినవాడికి కాగితం, పెన్సిలు ఉంటే చాలు, తేలిపోతుంది. బతిమాలితే తగ్గదు, పండగ సీజనని పెరగదు. సంక్రాంతికీ 14,400 కిలోమీటర్లే, ఆషాఢంలోనూ 14,400 కిలోమీటర్లే. విమానయానంలో ఇంత నిలకడ గల అంకె ఇంకొకటి ఉంటే చూపించండి.

అయితే ఆ దారం ఎటు పోతుందో గమనించారా? అమెరికా పడమటి దేశమని చిన్నప్పటి నుంచి విన్నాం కాబట్టి ముంబయి దాటి, సముద్రం దాటి, అలా సూర్యుడు అస్తమించే వైపు పోవాలని అనుకుంటాం. దారం మాత్రం శంషాబాద్ నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ నెత్తి మీదుగా వెళ్లి, లద్దాఖ్ దాటి, కారకోరం శిఖరాలెక్కి, చైనా పడమటి కొసను తాకి, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్‌ల మీదుగా సైబీరియా చేరి, ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో భూగోళం నడినెత్తి దాటి, కెనడా మంచు మీదుగా టెక్సస్‌కు దిగుతుంది. గీతకేం, గీసేశారు. దానికి వీసా అక్కర్లేదు, ఇంధనం అక్కర్లేదు, పొరుగువాడితో సరిహద్దు తగాదా లేదు. మనుషుల్ని ఎక్కించుకున్న విమానానికి అవన్నీ ఉన్నాయి.

మొదట కొండల సంగతి. విమానం లోపల గాలి పీడనం పడిపోతే పైలట్ దాన్ని త్వరగా పది వేల అడుగుల ఎత్తుకు దించాలి. ప్రయాణికుల ముఖాల ముందు వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే సరిపోతుంది. టిబెట్ పీఠభూమి మీదా, కారకోరం వైపూ నేలే పది వేల అడుగుల కంటే ఎత్తున ఉంటుంది. దిగడానికి తావులేని చోట ఎగరడం ఎందుకని విమానాలు ఆ ప్రాంతాన్ని వీలైనంత వరకు తప్పించుకుపోతాయి. ఈ చుట్టుదారికి పట్టే నిమిషాలను సంతోషంగా చెల్లిద్దాం. హిమాలయాలు ఏ పార్టీకీ చెందవు. ఎవరి మీదో కక్షతో అవి లేచి నిలబడలేదు.

కొండల తర్వాత వచ్చేవి దేశాలు. వాటి గురించి అంత మంచి మాట చెప్పలేను. 1944లో ప్రపంచ దేశాల పెద్దలు చికాగోలో సమావేశమై ఒక ఒడంబడిక రాసుకున్నారు. ఎవరి నేల మీది ఆకాశం వారి సొంతం, దాని మీద పూర్తి హక్కు వారిదే అని తేల్చారు. ఒకప్పుడు పక్షులకూ మబ్బులకూ ఉమ్మడి ఆస్తిగా ఉన్నదానికి ఆ రోజుతో గట్లు గట్టిపడ్డాయి. గట్టు ఉన్నాక తగాదా రాకుండా ఉంటుందా? కోనసీమ రైతునడగండి, చెబుతాడు.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. ఐరోపా దేశాలూ, అమెరికా కూడా రష్యా విమానాలకు తమ ఆకాశం మూసేశాయి. రష్యా కూడా వాళ్ల విమానాలకు తలుపులు వేసేసింది. ఆసియాకు పోవాలంటే ఐరోపాలో మా ఊరి నుంచే దగ్గరని ఏళ్ల తరబడి బోర్డు కట్టుకుని వ్యాపారం చేసిన ఫిన్నెయిర్ సంస్థ నడివీధిలో పడింది. హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల్లో పోయే విమానానికి పదమూడు గంటలు పట్టసాగింది. ఉత్తర ధ్రువం మీదుగా తిరిగి పోవలసిన గతి పట్టింది. హెల్సింకి కదల్లేదు, టోక్యో కదల్లేదు, వాటి మధ్య దూరం అంగుళమైనా పెరగలేదు. పెరిగిన ఆ మూడున్నర గంటల మీద రాజధానుల ముద్రలున్నాయి. వాటిని కూర్చుని అనుభవించిన నడుములు మాత్రం ప్రయాణికులవి.

మన విమానాలకు రష్యా ఆకాశం తెరిచే ఉంది. ఆ సుఖం ఎలా ఉంటుందో 2023 జూన్‌లో తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న ఎయిరిండియా విమానానికి ఇంజిన్‌లో లోపం కనిపించి, రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. స్టాలిన్ కాలంలో ఖైదీలను శ్రమ శిబిరాలకు తోలడానికి దించిన రేవు పట్టణమది. ప్రాణాలు కాపాడిన పైలట్లకు దణ్ణం పెట్టాలి, అందులో రెండో మాట లేదు. కానీ కాలిఫోర్నియాకు టికెట్ కొన్న 216 మంది, ఇంకో విమానం ముంబయి నుంచి వచ్చేదాకా, భాష రాని ఊళ్లో, దొరికిన పరుపు మీద నడుం వాల్చారు. దూరం లెక్క చెప్పే ఫోన్‌ని అప్పుడడిగినా అదే ధోరణిలో చెప్పి ఉండేది: పద్నాలుగు గంటలు.

ఇక ఇంటి పక్క సంగతి. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి జరిగింది. 24న పాకిస్తాన్ మన విమానాలకు ఆకాశం మూసింది. 30న మనమూ వాళ్ల విమానాలకు మూశాం. ఆ పైన రెండు వైపులా నెలకోసారి గడువు పొడిగించుకుంటూ పోయారు. ఢిల్లీ నుంచి అమెరికా పోయే విమానాలు దక్షిణంగా చుట్టు తిరిగి, ఇంధనం చాలక వియన్నాలో ఆగి పోయించుకోవలసి వచ్చింది. మొజార్ట్ తిరిగిన ఆ నగరాన్ని కిటికీలోంచి ఇంధనం లారీ వెనకాల చూసే భాగ్యం మనవాళ్లకు దక్కింది. సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసునే ఎయిరిండియా ఆపేసింది. విమానాల కొరతతో పాటు ఈ మూసివేతను కూడా కారణంగా చెప్పింది. దేశాల కోపానికి కారణాలుంటాయి. పహల్గాంలో చిందిన రక్తం చిన్న కారణం కాదు. నేనడిగేది ఒక్కటే. ఆ కోపానికయ్యే ఖర్చును నడి సీటులో ఇరుక్కున్న ముసలావిడ గంటల లెక్కన కడుతున్నప్పుడు, కట్టిందని ఒక రసీదైనా ఇవ్వరేం?

మా హైదరాబాద్ వాళ్లకు ఆ బాధ లేదు, మేం గల్ఫ్ మీదుగా పోతాం అనుకునేవారు కొంచెం ఆగండి. 2025 జూన్ 23న ఇరాన్ క్షిపణులు ఖతార్‌లోని అమెరికా స్థావరం మీదికి వచ్చాయి. ఖతార్ తన ఆకాశాన్ని కొన్ని గంటల పాటు మూసేసింది. ప్రపంచం నలుమూలల నుంచి దోహాకు వస్తున్న విమానాలు గాల్లోనే వెనక్కి తిరిగాయి, వేరే ఊళ్లలో దిగాయి. అమ్మాయి పురుడుకని బయలుదేరిన అమ్మమ్మకు ఇరాన్‌తో పేచీ ఏమిటి? ఆమెకు పేచీ ఉన్నదల్లా పెట్టెలోని ఆవకాయ సీసాతో. కారకుండా చేరుతుందా లేదా అన్నదే ఆమె అంతర్జాతీయ సమస్య.

గల్ఫ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి విమాన సంస్థల వాటా లెక్క చూద్దాం. హైదరాబాద్ నుంచి దోహాకు దాదాపు 2,900 కిలోమీటర్లు, దోహా నుంచి డాలస్‌కు 12,750. కలిపితే 15,650. నేరు దారి కంటే 1,250 ఎక్కువ. అంటే గంటన్నర ఎగరడం. అంతే! దుబాయి మీదుగా పోతే తేడా ఇంకా తక్కువ. ఈ చుట్టుదారికి భూగోళం అడిగే అపరాధ రుసుము గంటన్నర మాత్రమేనన్నమాట. మరి టికెట్ మీద ఆరు గంటలో పన్నెండు గంటలో ఎందుకు పెరిగాయి? విజయవాడ పోయే బస్సు సూర్యాపేట దగ్గర ఫలానా హోటల్ ముందే ఎందుకు ఆగుతుందో తెలిసినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ గడిపే ప్రతి గంటా ఒక గడియారం దుకాణం, ఒక అత్తరు దుకాణం, ఒక కాఫీ దుకాణం దాటుకుంటూ నడిచే గంట. అక్కడ కప్పు కాఫీ ధరను రూపాయల్లోకి మార్చి చూసుకున్న మన పెద్దాయనకు ఆ తర్వాత నిద్ర పట్టదు, కాఫీ తాగకుండానే.

ఇంటి నుంచి బయలుదేరిన గడియను ప్రయాణంలో ఎవరూ కలపరు. గల్ఫ్ విమానాలు చాలావరకు తెల్లవారుజామున శంషాబాద్ వదులుతాయి. మూడు గంటల ముందే రమ్మంటారు, కనుక అర్ధరాత్రికి అక్కడుండాలి. భీమవరం నుంచో అమలాపురం నుంచో వచ్చేవాడు ముందు రోజు మధ్యాహ్నమే ఊరు దాటాలి. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఎంతమంది అమెరికా పోతున్నా, ఎక్కువమందికి దూరప్రయాణం మొదలయ్యేది మాత్రం ఆ ఒక్క వాకిలి నుంచే. ఊళ్లో పెట్టెలు ఒకసారి తూస్తారు. ఇరవై మూడు కిలోల కంటే ముప్పావు కిలో ఎక్కువుంటుంది. ఒక పెట్టెలో కందిపొడి తీసి ఇంకో దాంట్లో కుక్కుతారు. రెండోసారి తూస్తారు. ఇప్పుడు రెండోది ఎక్కువ. ఈ తూకాలకు పట్టే సమయం, కారులో పట్టే సమయం, పంపడానికొచ్చిన పదకొండు మంది కళ్లు తుడుచుకోవడానికి పట్టే సమయం విమాన సంస్థల దృష్టిలో ప్రయాణ సమయం కాదు. వాళ్ల గడియారం విమానం తలుపు వేశాక మొదలవుతుంది. అక్కడ తలుపు తీయగానే ఆగిపోతుంది.

నేరుగా పోయే విమానం వేయొచ్చు కదా అంటారేమో. వేశారు. 2021 జనవరి 15న హైదరాబాద్ నుంచి చికాగోకు ఎయిరిండియా ఎక్కడా ఆగని విమానం నడిపింది. 13,300 కిలోమీటర్లు, ఒకే ఊపు. ఆ వారమే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లే ధ్రువం మీదుగా విమానం నడుపుకొచ్చి దేశానికి గర్వకారణమయ్యారు. సాధ్యం కాదన్నవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. తర్వాత మా చికాగో విమానమే మూతపడింది. మొదలైన రోజున ఉన్న ఆర్భాటం ఆగిపోయిన రోజున లేదు. మన దగ్గర శంకుస్థాపనలకు శిలాఫలకాలుంటాయి గానీ, ఆగిపోయిన పనులకు సమాధి రాళ్లుండవు కదా.

అసలు గడియారాన్నే ఎలా మచ్చిక చేసుకున్నారో చూడండి. చెప్పిన వేళకు పదిహేను నిమిషాల లోపు ఆలస్యంగా చేరినా సమయానికి చేరినట్టే లెక్క. భారతదేశంలోనూ అంతే, అమెరికాలోనూ అంతే. ఆ పదిహేను నిమిషాలూ చాలక షెడ్యూలులోనే ఇంకొంచెం కలిపి పెట్టుకుంటారు. గంట పట్టే దారికి గంటన్నర రాసుకుంటే గంటా ఇరవై నిమిషాల్లో చేరిన విమానం పది నిమిషాలు ముందొచ్చినట్టవుతుంది. లోపల మైకులో అభినందనలు చెబుతారు. ఆ పది నిమిషాలూ ఖాళీ గేటు కోసం రన్‌వే పక్కన నిలబడి గడిపేస్తారు. పరీక్షలో మార్కులు పెరగాలంటే రెండు దారులున్నాయి: చదవడం ఒకటి, పాస్ మార్కు తగ్గించడం రెండోది. విమానయానం ఏ దారి ఎంచుకుందో చెప్పాలా?

ఎందుకంటే వేగం పెంచే దారి ఎప్పుడో వదిలేశారు. 1958లో ప్రయాణికుల్ని మోయడం మొదలుపెట్టిన బోయింగ్ 707 వేగమూ ఇప్పటి విమానాల వేగమూ దాదాపు ఒకటే. మధ్యలో కాంకార్డ్ వచ్చింది. ధ్వనికి రెట్టింపు వేగంతో పోయింది. 1996 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కు మూడు గంటల లోపే చేరింది. 2003లో దాన్ని మ్యూజియంలో పెట్టేశారు. ఇంధనం ఖర్చు, చప్పుడు, టికెట్ ధర అన్నీ సరైన కారణాలే. కానీ 707 కాలంలో మన తాతలు ఎడ్లబండి మీద సినిమాకు పోయేవారు. ఆ రోజుల్లో ఉత్తరం అమెరికా నుంచి వారాల తరబడి నడిచి వచ్చేది. ఇప్పుడు మనవడి ముఖం అరసెకనులో తెర మీదికొస్తుంది. ముఖం తప్ప మిగతా శరీరం రావాలంటే మాత్రం అదే గంటకు 900 కిలోమీటర్లు. వేగం ఇవ్వలేక సీటు ముందు సినిమా తెర ఇచ్చారు. గంటలు తగ్గించలేనివాడు గంటల్ని మరిపించే వ్యాపారం పెట్టుకున్నాడు.

వేగం పెరగలేదు సరే, చోటు తగ్గింది. బోయింగ్ 777 వచ్చిన కొత్తల్లో సామాన్య తరగతిలో అడ్డంగా తొమ్మిది సీట్లు వేసేవారు. అదే గొట్టంలో ఇప్పుడు చాలా సంస్థలు పది కుక్కుతున్నాయి. విమానం వెడల్పు పెరగలేదు, మనుషులూ సన్నబడలేదు. ఇంకో చిత్రం వినండి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు, ఎక్కడా ఆగనివాటిలో ప్రపంచంలోనే అతి పొడవైన విమాన సర్వీసు నడుస్తోంది. 15,300 కిలోమీటర్లు, దాదాపు పద్దెనిమిదిన్నర గంటలు. అందులో సామాన్య తరగతి సీట్లే లేవు. బరువు, ఇంధనం, లాభం అన్నీ లెక్కచూసుకుని అలా చేశారు. ఫలితం మాత్రం ఒక సూత్రంగా తేలింది: పద్దెనిమిది గంటలు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడం మనిషికి తగదు. పదహారు గంటలు మాత్రం దివ్యంగా తగుతుంది! ఆ రెండు గంటల మధ్య మానవ హక్కులు ఎక్కడో పుడుతున్నాయి. నడిపే పైలట్లకు విధి సమయం మీద పరిమితి ఉంది, వంతులవారీగా పడుకోవడానికి పక్కలున్నాయి, ఉండాలి కూడా. కూర్చునేవాడికి ఎలాంటి పరిమితీ లేదు. ప్రయాణికుడు అలిసిపోతే కూలేది అతనొక్కడే, విమానం కాదు.

ఈ మోసాన్ని కప్పిపుచ్చడంలో క్యాలెండరు కూడా చెయ్యి వేస్తుంది. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరినవాడు శనివారం సాయంత్రం నాలుగింటికి డాలస్‌లో దిగాడనుకోండి. మా వాడు పొద్దున ఎక్కి సాయంత్రానికి చేరిపోయాడని బాబాయి ఊరంతా చెబుతాడు. చలికాలంలో అక్కడికీ ఇక్కడికీ పదకొండున్నర గంటల తేడా ఉందని, మావాడు ఇరవై మూడున్నర గంటలు నలిగిపోయాడని ఆయనకెవరు చెప్పాలి? తిరుగు ప్రయాణంలో బాకీ వడ్డీతో సహా వసూలవుతుంది. శుక్రవారం సాయంత్రం ఎక్కినవాడు ఆదివారం తెల్లవారుజామున దిగుతాడు. మధ్యలో ఒక శనివారం మాయం. ఏకాదశో, వెంకన్న ఉపవాసమో ఉన్నవాళ్లు ఏ దేశపు సూర్యుణ్ణి చూసి పారణ చేయాలో పంచాంగకర్తలు ఇంకా తేల్చాలి.

మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? కాళ్లు నిక్షేపంగా ఉన్న పెద్దవాళ్లకు వీల్‌చైర్ రాయించడం ఇప్పుడు ప్రతి ఇంటా నడిచే ఏర్పాటు. విమాన సంస్థలు గోలపెడుతున్నాయి, నిజంగా నడవలేనివాళ్లకు కుర్చీలు చాలట్లేదని. ఆ గోలలో న్యాయముంది. రోజూ ట్యాంక్ బండ్ మీద మూడు కిలోమీటర్లు నడిచే ఆయన దోహాలో కుర్చీలో కూర్చుని దీనంగా చూడటం నటనే. కానీ ఆయనకు కావలసింది చక్రాలు కాదు, చెయ్యి పట్టుకుని ఫలానా గేటుకు తీసుకుపోయే మనిషి. ఇంగ్లీషు బోర్డులు, మారే గేట్లు, కదిలే మెట్లు, రైళ్లు, ఊరంత విమానాశ్రయం. డాలస్ విమానాశ్రయం న్యూయార్క్ నగరంలోని మన్‌హట్టన్ కంటే పెద్దది. తోడు మనిషి అన్న సేవ జాబితాలో కనిపించలేదు కాబట్టి ఆయన జాబితాలో ఉన్నదాన్నే ఎంచుకున్నాడు. అబద్ధం ఆయనది, ఆ అబద్ధానికి అవసరం తయారుచేసింది ఇంకొకరు.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఆకాశంలో పోయే గంటలు. నేల మీద పోయే రోజులు ఇంకా ఉన్నాయి. 2022 చివర్లో హైదరాబాద్‌లో అమెరికా సందర్శక వీసాకు మొదటిసారి దరఖాస్తు చేసుకునేవారు ఇంటర్వ్యూ కోసం ఆగవలసిన కాలం 900 రోజులు దాటింది. అంటే రెండున్నర సంవత్సరాలు. 14,400 కిలోమీటర్లను 900 రోజులతో భాగించండి. రోజుకు పదహారు కిలోమీటర్లు. 2003 మండుటెండల్లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా దాదాపు 1,500 కిలోమీటర్ల పాదయాత్రను రెండు నెలల చిల్లరలో ముగించారు. రోజుకు ఇరవై కిలోమీటర్ల పైమాటే. దారిలో సభలు పెట్టి, ప్రసంగాలు చేసి, పసిపిల్లల్ని ఎత్తుకుని కూడా! అంటే 2022 చివర్లో నడిచిపోయేవాడే జెట్ విమానం టికెట్ కొన్నవాడి కంటే ముందుండేవాడు, మధ్యలో సముద్రం అడ్డురాకపోతే. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ 340 మిలియన్ డాలర్ల కొత్త భవనంలోకి మారింది. ఆ తర్వాత వేచి ఉండే రోజులు తగ్గాయి, కాదనను. కానీ మనవరాలు పుట్టినప్పుడు చూద్దామని దరఖాస్తు పెట్టిన అవ్వకు, వెళ్లేసరికి ఆ పిల్ల ఎదురొచ్చి తలుపు తీసింది.

ఇక అన్నిటికీ మించిన వేగం ఒకటుంది, సంతకం వేగం. 2025 సెప్టెంబరు 19 శుక్రవారం అమెరికా అధ్యక్షుడు ట్రంప్ హెచ్1బీ వీసా మీద లక్ష డాలర్ల రుసుము విధిస్తూ సంతకం చేశారు. 21వ తేదీ మొదటి నిమిషం నుంచి అమలన్నారు. ఎవరికి వర్తిస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. దేశం బయట ఉన్నవాళ్లంతా గడువులోగా వచ్చేయండని పెద్ద కంపెనీలు ఉద్యోగులకు మెయిళ్లు పెట్టాయి. సెలవు మీద హైదరాబాద్ వచ్చినవాడు మెయిల్ చూసి, టికెట్ వెతికి, శంషాబాద్ చేరి, గల్ఫ్‌లో మారి, అమెరికాలో దిగేందుకు పట్టే సమయం ఎంతో భూగోళానికి తెలుసు. సంతకం పెట్టినవారు అడగలేదు. అమెరికాలో విమానం ఎక్కి కూర్చుని, ఆ వార్త చూసి దిగిపోయినవాళ్లూ ఉన్నారు. టికెట్ ధరలు ఆకాశాన్నంటాయి. మర్నాడు తాపీగా వివరణ వచ్చింది: ఇది కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవారికి కాదు. ఆ ఒక్క వాక్యం ముందు రోజే రాసి ఉంటే ఎన్ని పరుగులు తప్పేవి! కాగితం మీద ఒక వాక్యం ఒక రోజు ఆలస్యంగా వచ్చిందని ఏ బోర్డు మీదా ఎర్ర అక్షరాల్లో చూపించరు. విమానం గంట ఆలస్యమైతే మాత్రం చూపిస్తారు.

కనుక ఎంత దూరం, ఎంతసేపు అని ఫోన్‌ని అడగడం మానేద్దాం. దానికి తెలిసింది అది చెప్పింది. అడగవలసింది టికెట్ అమ్మేవాళ్లను. ఇప్పుడు టికెట్ కొంటే ధరను ఎంత చక్కగా విడదీసి చూపిస్తారో చూడండి: మూల ధర ఇంత, ఇంధనం పేర ఇంత, విమానాశ్రయ రుసుము ఇంత, జీఎస్టీ ఇంత. రూపాయిని అంత పద్ధతిగా ముక్కలు చేయగలిగినవాళ్లకు గంటను ముక్కలు చేయడం రాదా? సమయాన్ని కూడా అలాగే విడదీసి ముద్రించమనండి.

భూగోళం వాటా: పదహారు గంటలు. కొండలు తప్పించినందుకు: కొన్ని నిమిషాలు. ఫలానా దేశం ఫలానా దేశం మీద అలిగినందుకు: ఇన్ని గంటలు. మధ్యలో దుకాణాల గుండా నడిపించినందుకు: ఇన్ని గంటలు. సమయానికి చేరామని చెప్పుకోవడానికి కలిపి పెట్టుకున్నది: ఇన్ని నిమిషాలు. వీసా కోసం వేచి ఉన్నది: ఇన్ని రోజులు. తొందరపడి చేసిన సంతకానికి: ఇన్ని పరుగులు. ప్రతి వరుస పక్కనా ఆ వాటా ఎవరిదో పేరు ఉండాలి, పేరు కింద సంతకం ఉండాలి. రష్యా వాటా దగ్గర రష్యా, ఢిల్లీ వాటా దగ్గర ఢిల్లీ, ఇస్లామాబాద్ వాటా దగ్గర ఇస్లామాబాద్, వాషింగ్టన్ వాటా దగ్గర వాషింగ్టన్, దోహా దుకాణాల వాటా దగ్గర ఆ దుకాణాల యజమాని.

మొదటి వరుస మాత్రం ఖాళీగా వదిలేయండి. భూమి సంతకం పెట్టలేదు, పెట్టనక్కర్లేదు కూడా. దాని పదహారు గంటలు మేం మారు మాట్లాడకుండా కడతాం. మిగతా గంటలకు సంతకాలు కావాలి.